ఎలుక పేరు హెడ్డింగులోనే పెట్టండి: తెలుగు పత్రికలకు, చానళ్లకు ఒక తల్లి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలుగు దినపత్రికల, న్యూస్ చానళ్ల సంపాదకులకు, రాత్రి పూట డెస్కులో కూర్చుని హెడ్డింగులు పెట్టే సబ్ ఎడిటర్లకు,

నమస్కారం.

నేను గుంటూరు బ్రాడీపేటలో ఉంటాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. మా అమ్మాయి బుజ్జమ్మకు తొమ్మిదేళ్లు. తనకు రెట్ సిండ్రోమ్ ఉంది, ఒక జన్యువు చెడి మెదడు పనిని దెబ్బతీసే జబ్బు. ఏడాదిన్నర వయసు దాకా అందరు పిల్లల్లాగే ఉండేది. ‘అత్త’, ‘తాత’ అనేది. బిస్కెట్ చేతికిస్తే పట్టుకుని తినేది. ఆ తర్వాత నాలుగైదు నెలల్లో మాటలు పోయాయి, చేతి పట్టు పోయింది. ఇప్పుడు నిద్ర లేచింది మొదలు పడుకునే దాకా రెండు చేతులూ కలిపి, తడి బట్టలు పిండుతున్నట్టు పిండుకుంటూనే ఉంటుంది.

మూడేళ్ల కిందట ఒక ఆదివారం పొద్దున మా అత్తయ్య పేపర్లో ఒక వార్త కత్తిరించి, దేవుడి గదిలో వెంకటేశ్వరస్వామి పటం దగ్గర పెట్టారు. ‘పిల్లల బుద్ధిమాంద్యానికి ఇక చెక్’ అని పెద్ద హెడ్డింగు. దాని కింద ‘మెదడు ఎదుగుదల లోపాన్ని సరిచేసిన శాస్త్రవేత్తలు’ అని ఇంకో లైను. అత్తయ్యకు రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆమె చదవగలిగేది ఆ పెద్ద అక్షరాలే. వార్త మొదటి పేజీలో పది లైన్లు నడిచి ‘మిగతా 9లో’ అని ఆగింది. తొమ్మిదో పేజీ తిప్పితే నాలుగో పేరాలో ఉంది ‘ఎలుకల్లో’ అన్న మాట. ఆ పేజీని మా ఇంట్లో ఎవరూ కత్తిరించలేదు.

నేను తిప్పి చదివాను. ఇది జన్యువు మార్చిన ఎలుకల మీద చేసిన ప్రయోగం, మన పాపకు పనికొచ్చే మందు కాదు అని ఇంట్లో అందరికీ చెప్పాను. సాయంత్రం మా ఆడపడుచు ఫోన్ చేసింది. ‘పేపర్లో వేశాక కూడా పిల్లని తీసుకెళ్లకపోతే ఎట్లా వదినా?’ అంది. ఆ మాట తర్వాత నేనింక నోరెత్తలేకపోయాను.

విజయవాడలో ఒక సెంటర్‌కి వెళ్లాం. దాని పేరు రాయను, ఈ లేఖ వాళ్ల కోసం కాదు. రిసెప్షన్ బల్ల మీద ప్లాస్టిక్ కవర్ల ఫైలు ఒకటి ఉంది. ఒక్కో కవర్లో ఒక్కో పేపర్ కటింగ్. నాలుగైదు తిప్పేసరికి మా దేవుడి గదిలో ఉన్న వార్తే కనిపించింది. అదే హెడ్డింగు, అవే పది లైన్లు. ‘మిగతా 9లో’ అన్న దగ్గర కత్తెర పెట్టి నీటుగా కత్తిరించారు. ఆ వార్త ఒక జన్యువు గురించి. వాళ్లు చేసేది స్టెమ్ సెల్ (మూలకణాల) ఇంజెక్షన్. రెండింటికీ ఏ సంబంధమూ లేదు. అయినా మా వారు నా వైపు తిరిగి, ‘చూశావా, వీళ్ల దగ్గర కూడా ఉంది’ అన్నారు. మూడు సిట్టింగులు కావాలన్నారు, ఒక్కోటి ఎనభై వేలు. నా గాజులు తాకట్టు పెట్టి మొదటిది చేయించాం. పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి నడుములోంచి సూది వేశారు. సాయంత్రం బస్సు వారధి దాటేసరికి ఒళ్లు కాలిపోతోంది. రెండు రాత్రులు జ్వరం. మార్పంటూ ఏమీ లేదు. మిగతా రెండింటికీ మేం వెళ్లలేదు.

భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాల్లో ఒక మాట స్పష్టంగా ఉంది. కొన్ని రక్త సంబంధమైన జబ్బులకు చేసే మూలకణ మార్పిడి లాంటి ఆమోదం ఉన్నవి తప్ప, మిగతా స్టెమ్ సెల్ చికిత్సలన్నీ ఇంకా ప్రయోగాలే. ప్రయోగానికి పేషెంటు దగ్గర డబ్బు తీసుకోకూడదు. నాకు ఇది చాలా ఆలస్యంగా తెలిసింది. ఆ వార్త పక్కన చిన్న బాక్సు కట్టి ఈ రెండు ముక్కలు వేసి ఉంటే, మా పాపకు ఆ సూది తప్పేదని నా నమ్మకం.

ఇదంతా చదివి, నేను ఎలుకల మీద పరిశోధన వద్దంటున్నానని మాత్రం అనుకోకండి. నా బిడ్డ జబ్బు గురించి లోకానికి తెలిసిన దాంట్లో చాలా భాగం ఆ ఎలుకలు చెప్పిందే. ఆ సంగతి కూడా మీ పేజీల్లో సరిగ్గా రాలేదన్నదే నా బాధ.

1954లో వియన్నాలో ఆండ్రియాస్ రెట్ అనే డాక్టరు, తన క్లినిక్ బయట వరసలో కూర్చున్న ఇద్దరు ఆడపిల్లల్ని చూశాడు. ఇద్దరూ వాళ్ల వాళ్ల తల్లుల ఒళ్లో ఉన్నారు, ఇద్దరూ ఒకేలా చేతులు పిండుకుంటున్నారు. ఆ జబ్బు గురించి ఆయన 1966లో రాశాడు. దానికి కారణమైన జన్యువు దొరకడానికి 1999 దాకా పట్టింది. అమెరికాలోని హ్యూస్టన్‌లో హుదా జోగ్బీ అనే డాక్టరు 1983లో మొదటిసారి ఇలాంటి పాపను చూసింది. పదహారేళ్లకు ఆమె బృందం జన్యువును పట్టుకుంది. దాని పేరు ఎంఈసీపీ2. అది ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. దాదాపుగా ఆడపిల్లల్లోనే, సుమారు పది వేల మందిలో ఒకరికి ఈ జబ్బు కనిపిస్తుంది.

2001లో రెండు బృందాలు, ఒకటి స్కాట్లాండ్‌లో, ఒకటి అమెరికాలో, ఆ జన్యువు పనిచేయని ఎలుకల్ని పుట్టించాయి. ఎలుక పిండ మూలకణాల్లో మనం ఎంచుకున్న ఒక్క జన్యువునే మార్చే ఈ పద్ధతికి కాపెచ్చి, ఈవాన్స్, స్మితీస్ అనే ముగ్గురికి 2007లో వైద్యంలో నోబెల్ వచ్చింది. ఆ ఎలుక పిల్ల కొన్ని వారాలు మామూలుగానే పెరుగుతుంది. తర్వాత నడక తడబడుతుంది, ఊపిరి లయ తప్పుతుంది. మామూలు ఎలుకను తోక పట్టుకుని పైకెత్తితే వెనక కాళ్లు బార్లా చాపుతుంది. ఇది మాత్రం రెండు కాళ్లూ దగ్గరకు లాక్కుని బిగించుకుంటుంది. ఒక రాత్రి ఫోన్‌లో ఆ వీడియో చూశాను. పక్కన బుజ్జమ్మ ఇంకా నిద్రపోలేదు, చేతులు పిండుకుంటోంది. వీడియో మధ్యలోనే ఆపేసి తన చేతులు నా చేతుల్లోకి తీసుకున్నాను.

2007లో ఎడిన్‌బరాలో ఏడ్రియన్ బర్డ్, జాకీ గై బృందం ఒక పని చేసింది. జబ్బు ముదిరి చావుకు దగ్గరైన ఎలుకల్లో ఆ జన్యువును మళ్లీ పని చేయించింది. వాటిలో చాలావరకు తేరుకున్నాయి. వణుకు తగ్గింది, నడక, ఊపిరి కుదుటపడ్డాయి. ఒక తల్లిగా నాకు దీనికంటే పెద్ద వార్త లేదు. ఎందుకంటే అప్పటిదాకా ఈ పిల్లల మెదడు ఎదిగే దశలోనే పాడైపోయిందని, ఇక చేసేదేమీ లేదని చాలామంది అనుకునేవారు. కణాలు చచ్చిపోలేదు, జన్యువు లేక పని ఆగిపోయిందంతే అని ఆ ఎలుకలు చూపించాయి. మా పుట్టింటి వైపు మిరప వేస్తారు. నీళ్లు లేక వాడిన మొక్కకు నీళ్లు పెడితే సాయంత్రానికి తల ఎత్తుతుంది. వేరుకుళ్లు వచ్చిన మొక్క ఎన్ని నీళ్లు పోసినా లేవదు. నా బిడ్డ మెదడు వాడిన మొక్క అని నాకు చెప్పింది ఆ చిట్టెలుకలు. ఎనిమిది మంది డాక్టర్ల దగ్గరకు తిరిగాను, ఒక్కరూ ఆ మాట చెప్పలేదు.

అయితే ఆ ప్రయోగం ఎలా చేశారో కూడా చెప్పకపోతే వార్త సగమే అవుతుంది. ఆ సగం వార్త ఎంత ప్రమాదమో చెబుతాను. మా పాపకు ఫిజియోథెరపీ చేయించే చోటికి చిలకలూరిపేట నుంచి ఒక తండ్రి తన కూతురితో వస్తాడు. ఆ పాపదీ ఇదే జబ్బు. ఒకరోజు అతను షర్టు జేబులోంచి మాత్రల షీటు తీసి, ‘మేడం, మీరు బయాలజీ టీచర్ కదా, పాపకు సగం మాత్ర వేస్తే చాలా?’ అని అడిగాడు. చూస్తే టామాక్సిఫెన్. రొమ్ము క్యాన్సర్‌కు వాడే మందు. ‘ఈ మందుతో రెట్ ఎలుకలు బతికాయి’ అని ఏదో వీడియోలో చూశాడట. కొత్తపేటలో ఒక మెడికల్ షాపులో తెలిసినవాళ్లతో చెప్పించి కొన్నాడు. అప్పటికింకా వెయ్యలేదు. నా కాళ్లు వణికాయి.

ఎడిన్‌బరా ఎలుకలకు టామాక్సిఫెన్ ఇచ్చిన మాట నిజమే. కానీ అక్కడ మందు అది కాదు. ఆ ఎలుకలు పుట్టకముందే వాటి ఎంఈసీపీ2 జన్యువులో ఒక అడ్డుకట్ట పెట్టారు. ఆ అడ్డుకట్టకు అటూ ఇటూ రెండు గుర్తులు పెట్టారు. ఆ గుర్తుల దగ్గర మాత్రమే కత్తిరించే ‘క్రీ’ అనే కత్తెర లాంటి ప్రోటీన్‌ను కూడా ఆ ఎలుకల్లోనే చేర్చారు. టామాక్సిఫెన్ తగిలితేనే ఆ కత్తెర కణం కేంద్రకంలోకి వెళ్తుంది. వెళ్లి అడ్డుకట్టను తీసేస్తుంది, కింద చెక్కుచెదరకుండా ఉన్న జన్యువు పని మొదలుపెడుతుంది. అంటే టామాక్సిఫెన్ వాళ్లు తయారుచేసిన తాళానికి తాళంచెవి. మన పిల్లల్లో ఆ తాళం లేదు, ఆ కత్తెర లేదు. మన పిల్లల్లో జన్యువే చెడింది. ఇంకో సంగతి, ఆ మందును గబగబా ఇచ్చిన ఎలుకల్లో సగం దాకా చచ్చిపోయాయి. వారానికోసారి మెల్లగా ఇచ్చినవే తేరుకున్నాయి. ఇదంతా బెంచీ మీద కూర్చుని అతనికి ఒక నోట్ పుస్తకంలో బొమ్మ గీసి చెప్పాను. అరగంట పట్టింది. ఆ మాత్రల షీటు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఆ జన్యువును ఎక్కువ ఇచ్చేద్దామన్నా కుదరదు. ఎంఈసీపీ2 కూరలో ఉప్పు లాంటిది. అది రెండింతలుగా ఉన్న ఎలుకల్ని జోగ్బీ బృందం 2004లో పరిశీలిస్తే వాటికీ నరాల జబ్బు వచ్చింది. మరుసటి ఏడాదే మనుషుల్లో, ఎక్కువగా మగపిల్లల్లో, ఆ జన్యువు రెండు కాపీలుండటం వల్ల వచ్చే జబ్బును డాక్టర్లు గుర్తించారు. ఇప్పుడు అమెరికాలో, కెనడాలో రెట్ పిల్లలకు జన్యు చికిత్స ట్రయల్స్ జరుగుతున్నాయి. 2024లో ఒక ట్రయల్‌లో ఎక్కువ డోసు తీసుకున్న ఒకరు చనిపోయారు. నేను ఆ వార్తల కోసం రోజూ వెతుకుతాను. వెతుకుతూనే భయపడతాను.

ఎలుకల్లో సరైంది మనుషుల్లో సరికాకపోవడం అరుదేమీ కాదు. ఫ్రాజైల్ ఎక్స్ అనే జబ్బు ఉంది. వంశపారంపర్యంగా వచ్చే బుద్ధిమాంద్యానికి ముఖ్య కారణాల్లో ఒకటి. దాని జన్యువు 1991లో దొరికింది, ఆ జన్యువు పనిచేయని ఎలుక 1994లో వచ్చింది. ఆ ఎలుకల మెదడులో ఎంగ్లూఆర్5 అనే ఒక గ్రాహకాన్ని (నాడీకణం మీద సంకేతాలు అందుకునే ప్రోటీన్‌ను) తగ్గిస్తే చాలా లక్షణాలు సరవుతాయని 2007లో అమెరికాలో మార్క్ బేర్ బృందం చూపించింది. ఎంతో ఆశతో మందులు తయారుచేశారు. పెద్దవాళ్ల మీద, కౌమారంలో ఉన్నవాళ్ల మీద పరీక్షిస్తే, ఉత్తుత్తి మాత్రకూ దీనికీ తేడా కనిపించలేదు. 2014లో నోవార్టిస్ ఆ పని ఆపేసింది. ఎలుకల్లో బాగైన వార్త మొదటి పేజీలో వస్తుంది. ఆగిపోయిన వార్త కోసం ఎదురుచూసే తల్లిదండ్రులకు ఏ పేజీలోనూ జవాబు దొరకదు.

ఎందుకిలా అవుతుందో చెప్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు, నా పదో తరగతి పిల్లలకు బోర్డు మీద చెబుతూనే ఉంటాను. చిట్టెలుక ఇరవై రోజుల గర్భంలో పుట్టేస్తుంది. దాని మెదడు పైపొరలోని నాడీకణాలు వారం రోజుల్లో తయారవుతాయి. మన బిడ్డకు అదే పనికి నెలలు పడుతుంది. చిట్టెలుక మెదడులో సుమారు ఏడు కోట్ల నాడీకణాలుంటే మన మెదడులో సుమారు 8,600 కోట్లు. దాని మెదడు నున్నగా ఉంటుంది, మనది ముడతలు ముడతలుగా. ఏఎస్‌పీఎం అనే జన్యువు చెడితే మనుషుల్లో తల, మెదడు బాగా చిన్నవైపోతాయి. చిట్టెలుకలో అదే జన్యువును చెడగొడితే మెదడు కొంచెమే తగ్గుతుంది. 2018లో ముడతల మెదడున్న ఫెరెట్ అనే ముంగిస లాంటి జంతువులో చెడగొట్టి చూస్తే, అప్పుడు మెదడు గట్టిగా తగ్గింది. తెలుగులో ఇంకో చిక్కు కూడా ఉంది. పందికొక్కు తప్ప మిగతావన్నీ మనకు ‘ఎలుక’లే. ల్యాబుల్లో జన్యువులు మార్చేది ఎక్కువగా అరచేతిలో పట్టే, ఇరవై ముప్ఫై గ్రాముల చిట్టెలుకలో. కనీసం ‘చిట్టెలుక’ అని రాసినా చదివేవాళ్లకు ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది.

మందు అన్న మాటే లేకుండా రాయదగ్గ వార్తలు మన దేశంలోనే ఉన్నాయి. ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో శుభా తోళే బృందం 2008లో ఒక అద్భుతం చూపించింది. పిండంలో మెదడు ఏర్పడేటప్పుడు దాని అంచున ఒక చిన్న కణాల గుంపు ఉంటుంది. అది మేస్త్రీ లాంటిది. పక్కనున్న కణాలకు ‘మీరు హిప్పోకాంపస్ అవ్వండి’ అని పని పురమాయిస్తుంది. హిప్పోకాంపస్ అంటే మన జ్ఞాపకాలు నిలబడటానికి కీలకమైన భాగం. చిట్టెలుక పిండంలో అక్కడక్కడా కొన్ని కణాల్లో ఎల్‌హెచ్‌ఎక్స్2 అనే ఒకే ఒక్క జన్యువును తీసేస్తే, ఆ కణాలన్నీ మేస్త్రీలైపోయాయి. ప్రతి మేస్త్రీ పక్కనా ఒక్కో హిప్పోకాంపస్ లేచింది. ఒక్క మెదడులో ఎన్నో! ఒక్కసారి పాఠంలో చెప్పాను. వెనక బెంచీ పిల్లలు కూడా బెల్లు కొట్టాక లేవలేదు. బెంగళూరులో సుమంత్ర చటర్జీ ఏళ్ల తరబడి ఫ్రాజైల్ ఎక్స్ ఎలుకల మీద పని చేశారు. మన పక్కనే హైదరాబాదులో కణాల మీద, జన్యువుల మీద పరిశోధన చేసే సీసీఎంబీలో జన్యువులు మార్చిన ఎలుకల్ని తయారుచేసే సదుపాయం ఉంది. మీ విలేకరి ఒక్క రోజు వెళ్లి వస్తే ఆదివారం అనుబంధం నిండుతుంది.

మంచి వార్తలు రాయొద్దని నేననను. 2009లో అమెరికాలోని ఎంఐటీలో, మన దేశంలో పుట్టి ఐఐటీ కాన్పూర్‌లో చదివిన మృగాంక సూర్ బృందం, రెట్ ఎలుకలకు ఒక చిన్న పెప్టైడ్ (ప్రోటీన్ ముక్క లాంటిది) ఇచ్చి కొంత మెరుగుదల చూసింది. ఆ దారిలోనే వచ్చిన ట్రోఫినెటైడ్ అనే మందును 187 మంది ఆడపిల్లల మీద, యువతుల మీద పన్నెండు వారాలు పరీక్షించారు. 2023 మార్చిలో అమెరికా అనుమతి ఇచ్చింది. రెట్‌కు అనుమతి పొందిన మొదటి మందు అదే. జబ్బును పోగొట్టదు, కొంత తేలిక చేస్తుంది, చాలామందికి విరేచనాలవుతాయి. ఎలుక నుంచి పిల్ల దాకా రావడానికి పద్నాలుగేళ్లు పట్టింది. ఈ పద్నాలుగేళ్లనూ కలిపి రాస్తే, ‘మందు వచ్చేసింది’ అని ఎవరూ పరిగెత్తరు, ‘ఇక రాదు’ అని ఎవరూ కూలబడరు. నాకు కావలసింది అలాంటి వార్త.

తప్పంతా మీదే అనడం కూడా న్యాయం కాదు. మరపు జబ్బు అల్జీమర్స్ మీద ఎలుకల్లో చేసిన 623 పరిశోధన పత్రాల్ని తీసుకుని ఇద్దరు పరిశోధకులు 2021లో లెక్క చూశారు. పత్రం శీర్షికలోనే శాస్త్రవేత్తలు ఎలుక పేరు దాచేస్తే, పత్రికల హెడ్డింగుల్లోనూ ఎక్కువగా అది మాయమవుతోందని తేలింది. 2019లో జేమ్స్ హీదర్స్ అనే శాస్త్రవేత్త ట్విట్టర్‌లో ఒక ఖాతా తెరిచాడు. ఎలుక పేరు లేని హెడ్డింగుల్ని పంచుతూ పైన ‘ఎలుకల్లో’ అని ఒక్క మాట చేర్చడమే దాని పని. ఏజెన్సీ నుంచి ఇంగ్లీషులో వచ్చిన కాపీలోనే ఎలుక లేకపోతే మీ డెస్కుకు కష్టమే, అర్థం చేసుకోగలను. రాత్రి పదింటికి పేజీ పంపాలన్న టెన్షన్‌లో మూల పత్రం ఎవరు వెతుకుతారు? కానీ ‘ఇది ఎవరి మీద చేశారు?’ అన్న ఒక్క ప్రశ్నకు జవాబు దొరక్కపోతే ఆ వార్తను ఒక రోజు ఆపండి. మెదడు వార్త మర్నాటికి పాచిపోదు.

నేను అడిగేది చిన్నదే. ప్రయోగం ఎలుకల్లో జరిగితే ఆ మాట హెడ్డింగులో ఉండాలి. కింద లైనులో కాదు, ‘మిగతా’ పేజీలో కాదు. చానళ్లలో అయితే స్క్రోలింగులోనూ, యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద కూడా. ‘చెక్’, ‘అద్భుతం’, ‘మందు రెడీ’ లాంటి మాటలు మనుషుల మీద ట్రయల్ పూర్తయ్యే దాకా పక్కన పెట్టండి. ఎలుకకు జన్యువును ఎలా మార్చారో, మందు ఏ వయసులో ఇచ్చారో ఒక వాక్యం రాయండి. పిల్లల మెదడు జబ్బు వార్త ఉన్న పేజీలో స్టెమ్ సెల్ సెంటర్ల ప్రకటనలు వేయకండి. ఒక మందు ట్రయల్‌లో ఓడిపోతే, గెలిచినప్పుడు ఇచ్చినంత చోటే ఇవ్వండి. మీకు అనుమానం వస్తే అడగడానికి సీసీఎంబీ, డీఎన్‌ఏ పరీక్షల కేంద్రం సీడీఎఫ్‌డీ హైదరాబాదులోనే ఉన్నాయి.

గాజులు పోయిన నెల విడిపించుకున్నాం. దేవుడి గదిలో ఆ కటింగ్ మాత్రం ఇంకా ఉంది. నేను తీయబోతే అత్తయ్య ఒప్పుకోలేదు. మొన్న ఆదివారం పేపర్ చేతికిస్తూ, ‘ఇది చూడమ్మా, పిల్లలకా, ఎలుకలకా?’ అని అడిగారు. కళ్లద్దాలు పెట్టుకుని నాలుగో పేరా దాకా వెతికి చెప్పాను. వచ్చేసారి ఆమె నన్ను అడగకుండానే, తన కళ్లకు ఆనే ఆ పెద్ద అక్షరాల్లోనే జవాబు చదువుకునేలా చేయండి.

ఇట్లు,
బుజ్జమ్మ అమ్మ,
బ్రాడీపేట, గుంటూరు